మైకు పట్టుకొనే ముందు



ఇంటరు, డిగ్రీ పరీక్షలు ముగిశాక ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటే: పిల్లలు ఇప్పుడు ఏం చేయాలి? మన సింగరేణి ప్రాంతంలో ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కొనే పని ఉండేది కాదు. తండ్రి బాయిలో దిగితే కొడుకూ బాయిలో దిగేవాడు. ఆ రోజులు మారిపోయాయి. పిల్లలు రకరకాల దారులు చూస్తున్నారు. ఐ.టి.ఐ. అంటారు, నర్సింగు అంటారు, హైదరాబాదు అంటారు. ఈ మధ్య రామగిరి, సెంటినరీ కాలనీ, గోదావరిఖని వైపు ఇండ్లలో ఇంకొక మాట వినబడుతున్నది. "రేడియోలో ఇంటర్నుగా చేరతాను", "లోకల్ న్యూసులో ట్రైనింగుకు పోతాను" అంటున్నారు పిల్లలు.

ఇంటర్న్‌షిప్ అంటే పెద్ద మాట ఏమీ కాదు. కొన్ని నెలలు పనిచేసేవారి పక్కన ఉండి, వారికి సాయం చేస్తూ పని నేర్చుకోవడం. వడ్రంగి దగ్గర, దర్జీ దగ్గర మన పిల్లలు ఎప్పటినుంచో చేస్తున్నదే. అయితే దర్జీ దగ్గర చేరిన పిల్లవాడు గుడ్డ తప్పుగా కత్తిరిస్తే గుడ్డ ఒక్కటే పాడవుతుంది. వార్తల పనిలో తప్పు జరిగితే ఏం పాడవుతుందో తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ముందుగానే ఆలోచించుకోవాలని ఈ నెల ఈ విషయం తీసుకొన్నాము.

మన ప్రాంతానికి వార్త అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. 2022 మార్చి 7న రామగిరి మండలంలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలింది. కొందరు లోపల చిక్కుకొన్నారు. వారిలో ఒక కార్మికుని మరునాడు ప్రాణాలతో బయటికి తీసుకువచ్చారు. ముగ్గురు మరణించారు. అంతకుముందు 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి పదిహేడు మంది చనిపోయారు. ఇటువంటి రోజున బొగ్గుబాయి కాలనీలో ఏ తల్లీ పొయ్యి దగ్గర నిలవలేదు. షిఫ్టుకు పోయినవారి ఇండ్లవారంతా గేటు దగ్గరికి పరుగెత్తుతారు. అక్కడ నిలబడినవారికి కావలసింది ఒకే ఒక్క మాట, తమవాడి పేరు.

అటువంటి రోజున మీ పిల్లవాడు ఒక వార్తా సంస్థలో నెల రోజుల క్రితమే చేరిన ఇంటర్ను అనుకొందాం. ఫోనులో ఒక సందేశం వచ్చింది. అందులో మూడు పేర్లున్నాయి. ఎవరు రాశారో తెలియదు, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆఫీసులో ఉన్నవారు "తొందరగా పెట్టు, పక్క చానెలువాళ్లు పెట్టేస్తారు" అంటున్నారు. అదే సమయానికి పక్కింటి పెద్దమ్మ వచ్చి అతని భుజం పట్టుకొని అడిగింది:

"బిడ్డా, నువ్వు వార్తల్ల పని చేస్తవు గదా. మావోని పేరున్నదా?"

ఆ పిల్లవాడు ఏం చెప్పాలి? ఆ మూడు పేర్లలో ఒకటి ఆమె కొడుకుదే అయి, వార్త తప్పయితే, బ్రతికి ఉన్న కొడుకు కోసం తల్లి గుండె పగిలిపోతుంది. పేరు లేదని చెప్పి తరువాత ఉన్నదని తేలితే ఆమె ఇక ఎవరి మాటా నమ్మదు. "పెద్దమ్మా, ఇంకా తెలియలేదు. తెలిసినవాళ్ల దగ్గరికే పోతున్నా, నిజం తెలిసినంక నేనే వచ్చి చెప్త" అనడం ఒక్కటే సరైన జవాబు. వినడానికి ఇది చాల చిన్న మాట. కాని వెనుక నుంచి పై అధికారి తొందరపెడుతుంటే, ఎదురుగా కన్నతల్లి ఏడుస్తుంటే, ఆ మాట అనగలగడానికి ఎంతో శిక్షణ కావాలి. నిజమైన ఇంటర్న్‌షిప్ నేర్పవలసింది ఈ ఓర్పునే. మిగిలిన యంత్రాల పని నెల రోజుల్లో ఎవరైనా నేర్చుకొంటారు.

నిజం ఎక్కడ దొరుకుతుందో గని పనివారికి బాగా తెలుసు. ఎవరు దిగారో మస్టరులో ఉంటుంది. ఎవరి టోపీ లైటు తిరిగి రాలేదో లైటు గదిలో తెలుస్తుంది. ఎంత గడబిడలోనైనా ఆ రెండు చోట్లా లెక్క ఉంటుంది. విలేకరి పని కూడ ఇటువంటిదే. గుంపులో నోటినోటికీ పోయే మాటను వదిలి, లెక్క ఉన్న చోటు ఎక్కడో కనుక్కోవాలి. అక్కడ బాధ్యత గలవారు నోరు తెరచి చెప్పేవరకు ఆగాలి. కుటుంబానికి తెలిసేవరకు పేరు బయట పెట్టకూడదు.

మన సంఘాలలో సాక్ష్యం అనే మాట అందరికీ పరిచయమే. తాను కళ్లార చూసినది, తన జీవితంలో జరిగినది చెబితే అది సాక్ష్యం. ఎవరో చెప్పగా విన్నదాన్ని తాను చూసినట్లు చెబితే దానిని మన పెద్దలు సాక్ష్యమని ఒప్పుకోరు. పది ఆజ్ఞలలో అబద్ధ సాక్ష్యాన్ని గురించి ఒక ఆజ్ఞ వేరుగా ఉండడానికి కారణం ఉన్నది. అబద్ధ సాక్ష్యం పొరుగువాని పరువును, ఒక్కొక్కసారి ప్రాణాన్నే తీస్తుంది. వార్తల పనికి పోయే మన పిల్లలు ఈ ఒక్క మాట ఇంటినుంచే నేర్చుకొని వెళ్లితే వారికి సగం చదువు అయిపోయినట్లే.

"ఈ పని పట్నంలో ఇంగ్లీషు చదివినవారికి గాని మన పిల్లలకు వస్తుందా?" అని కొందరు తల్లిదండ్రులు సందేహిస్తారు. వారికి మాచనూరు సంగతి చెప్పవలసి ఉన్నది.

మాచనూరు జహీరాబాదు దగ్గర ఒక చిన్న పల్లె. అప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఆ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పల్లెల్లోని పేద దళిత స్త్రీలతో సంఘాలు పెట్టి జొన్నలు, కొర్రలు, సజ్జలు వంటి పాత పంటలను తిరిగి నిలబెట్టే పని చేసింది. దాని స్థాపకులలో ఒకరైన పి.వి. సతీశ్ గారు అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తయారుచేసినవారు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ సంఘాల స్త్రీలు "మా మాట మేమే చెప్పుకోవాలి, మాకు ఒక రేడియో కావాలి" అని కోరారు. యునెస్కో సాయంతో 1998లో మాచనూరులో స్టూడియో సిద్ధమయింది. కాని గాలిలోకి ప్రసారం చేయడానికి అనుమతి మాత్రం రాలేదు.

అప్పటికి మూడేండ్ల క్రితమే, 1995 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పింది. రేడియో తరంగాలు ప్రజలందరి ఆస్తి అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తులలో జస్టిస్ పి.బి. సావంత్ గారు ఒకరు. అయినా చట్టం కదలడానికి ఏండ్లు పట్టింది. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే కమ్యూనిటీ రేడియో పెట్టుకొనే వీలు కల్పించారు. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడ అనుమతి ఇస్తామన్నారు. చివరికి 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దానిని ప్రారంభించినవారు జస్టిస్ సావంత్ గారే. 90.4 మెగాహెర్ట్స్ మీద, చిన్న ట్రాన్స్‌మీటరుతో, చుట్టుపక్కల వంద పల్లెల దాకా వినబడేలా అది మొదలయింది. దేశంలో పల్లెవాసుల సంస్థ నడిపిన మొదటి కమ్యూనిటీ రేడియోగా దానికి పేరు వచ్చింది.

ఆ రేడియోను నడిపినవారు ఇద్దరు యువతులు. ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరిని జనరల్ నర్సమ్మ అంటారు, ఇంకొకరిని అల్గోల్ నర్సమ్మ అంటారు. ఇద్దరూ పేద దళిత కుటుంబాల పిల్లలు. పెద్ద పెద్ద కాలేజీల చదువులు వారికి లేవు. మైకు ఎక్కడ పెట్టాలో, గొంతు ఎంత ఎత్తులో ఉండాలో, రికార్డు చేసినదానిలో ఏది ఉంచి ఏది తీసివేయాలో పని చేస్తూనే నేర్చుకొన్నారు.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. స్టూడియో తయారైనది 1998లో, ప్రసారం మొదలైనది 2008లో. నడుమ పదేండ్లు. ఆ పదేండ్లు వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పల్లె పల్లె తిరిగి విత్తనాల గురించి, పండుగల గురించి, వంటల గురించి, పాత పాటల గురించి ముసలివారు చెప్పినది రికార్డు చేశారు. ఆ టేపులను తీసుకుపోయి సంఘాల కూటాల్లో వినిపించారు. వినే స్త్రీలు ఎదురుగానే కూర్చొని ఉండేవారు. తప్పు ఉంటే అక్కడే చెప్పేవారు. దేశంలో ఇంతకంటె మంచి ఇంటర్న్‌షిప్ ఎవరికైనా దొరికిందా అని మాకు అనుమానమే. గాలిలోకి మాట వదిలే ముందు పదేండ్లు వినడం నేర్చుకొన్నారు వారు.

ఆ సంస్థలోనే ఇంకొందరు స్త్రీలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకొన్నారు. వారిలో అక్షరం రానివారు కూడ ఉన్నారు. కెమెరా భాషకు వారు తమ సొంత పేర్లు పెట్టుకొన్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది పటేలు షాటు. పటేలు గద్దె మీద కూర్చొని కింద నిలబడినవారిని చూసే చూపు అది. ఎదుటి మనిషి కంటికి సరిసమానంగా కెమెరా పెట్టి తీస్తే అది సంఘం షాటు. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చొంటారు గనుక ఆ పేరు. మన చర్చి కూడికలకు కూడ సంఘమనే పేరు. మైకు పట్టుకొన్న పిల్లవాడు ఎవరి ఇంటికి పోయినా పటేలు చూపుతో పోకుండ, సంఘంలోని మనిషిగా పోవాలని ఇంతకంటె సులభంగా చెప్పలేము.

ఇక పని విషయానికి వద్దాం. రేడియోలో చేరిన పిల్లలు మొదటి రోజే మైకులో మాట్లాడతామనుకొంటారు. అలా జరగదు. మొదటి నెల ఎక్కువగా మోయడం, రాయడం, వినడం. రికార్డరుకు చార్జి ఉన్నదా అని చూసుకోవాలి. మాట్లాడే మనిషి నోటికి జానెడు దూరంలో మైకు పెట్టాలి. ఫ్యాను ఆపించాలి. మనిషి పేరు, ఊరు అడిగి రాసుకొని, రాసినది వారికే చదివి వినిపించాలి. మన దగ్గర ఒకే పేరు గలవారు వాడకు నలుగురుంటారు. ఇంటిపేరు, తండ్రి పేరు, పనిచేసే గని కూడ రాసుకొంటేనే మనిషి ఎవరో తేలుతుంది. "మీరు చూశారా, విన్నారా?" అన్న ప్రశ్న ప్రతివారినీ అడగాలి. గంటసేపు రికార్డు చేసినదానిని పూర్తిగా విని, అందులోంచి ఐదు నిమిషాలు తీయాలి. ఆ ఐదు నిమిషాలలో ఆ మనిషి చెప్పదలచినది చెడిపోకూడదు. ఇది కష్టమైన పని. ఇందులో నలిగినవారికే తరువాత మైకు ముందు కూర్చొనే అర్హత వస్తుంది.

ఇంకొక సంగతి చాలమందికి తెలియదు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలుగాని, కమ్యూనిటీ రేడియోలుగాని తమ సొంత వార్తలు చదవడానికి అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలనే తిరిగి వినిపించవచ్చు. వాతావరణం, పరీక్షల తేదీలు, నీళ్లు, కరెంటు, ఊరి కార్యక్రమాలు వంటి సమాచారం మాత్రం చెప్పవచ్చు. కాబట్టి "రేడియోలో వార్తలు చదువుతాను" అని ఉత్సాహపడే పిల్లలు ఆకాశవాణి వైపు చూడాలి. అక్కడ తాత్కాలిక అనౌన్సర్లను స్వర పరీక్ష పెట్టి ఎన్నుకొని, వాణి అనే శిక్షణ ఇస్తారు. ఉచ్చారణ మీద అక్కడ రాజీ ఉండదు. ఇంట్లో ప్రతిరోజు పది నిమిషాలు పైకి చదివే అలవాటు ఉన్న పిల్లలకు ఆ పరీక్ష కొంత సులువవుతుంది. ఆదివారం ఆరాధనలో లేఖన భాగం చదివే పిల్లలకు ఈ అలవాటు ఇప్పటికే ఉన్నది.

పత్రికల దారి వేరు. 1989లో ఈనాడు జిల్లాకొక అనుబంధం వేయడం మొదలుపెట్టిన తరువాత తెలుగు పల్లెల వార్తలకు పెద్ద చోటు దొరికింది. మండలానికొక విలేకరి వచ్చాడు. చిత్తూరు జిల్లాలో 2001లో మొదలైన నవోదయం అనే పత్రికలోనైతే పొదుపు సంఘాల స్త్రీలే విలేకరులయ్యారు. ఈ మార్పు వల్ల ఎంతో మేలు జరిగింది. అయితే మండల విలేకరులలో చాలమందికి నెల జీతం ఉండదు. రాసిన వార్తను బట్టి కొద్దిపాటి డబ్బు, దానితోపాటు ప్రకటనలు తెచ్చిపెట్టే బాధ్యత. ఈ సంగతి తెలిసి చేరడం వేరు, తెలియక చేరి బాధపడడం వేరు.

ఇప్పుడు ఫోనులో చూసే వార్తా చానెళ్లు ఊరూరా వచ్చాయి. వాటిలో శ్రద్ధగా పనిచేసేవారు ఉన్నారు. పిల్లలకు మెడలో కార్డు వేసి, చేతిలో లోగో ఉన్న మైకు పెట్టి, అందుకు వారి దగ్గరే డబ్బు తీసుకొనేవారూ ఉన్నారు. అటువంటి కార్డు కోసం తల్లి పుస్తెలు తాకట్టు పెట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. పని నేర్పేవారు పని నేర్చుకొనేవారికి ఎంతో కొంత ఇవ్వాలి గాని తీసుకోకూడదు. సంస్థ ఇచ్చే గుర్తింపు కార్డు వేరు, ప్రభుత్వ సమాచార పౌరసంబంధాల శాఖ ఇచ్చే అక్రెడిటేషను వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూపి ఆశపెట్టేవారిని నమ్మవద్దు.

పిల్లలను పంపే ముందు తల్లిదండ్రులు ఆ ఆఫీసుకు ఒకసారి వెళ్లి కూర్చొని మాట్లాడడం మంచిది. చదువు తక్కువని మొగమాటపడవద్దు. ఈ సంగతులు అడగండి. ఇది పత్రిక అయితే రిజిస్టరు అయినదా? రేడియో అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉన్నదా? ఎన్ని నెలలు, ఎన్ని గంటలు పని? దారి ఖర్చులు ఎవరు ఇస్తారు? ప్రకటనలు వసూలు చేయమంటారా? మా పిల్లవాడు రాసినది ఎవరు దిద్దుతారు? తప్పు వార్త వస్తే దానిని ఎలా సరిచేస్తారు? ఈ చివరి రెండు ప్రశ్నలకు తడుముకోకుండ జవాబు చెప్పగలిగితే అది పని నేర్పే చోటు. నవ్వి దాటవేస్తే ఇంటికి తిరిగి వచ్చేయండి.

ఆడపిల్లల విషయంలో ఇంకొక మాట. రాత్రి ఆలస్యమైతే ఇంటికి ఎలా పంపుతారో ముందే అడగండి. పనిచేసే చోట స్త్రీల రక్షణ కోసం 2013లో వచ్చిన చట్టం ఇంటర్నులకు, ట్రైనీలకు కూడ వర్తిస్తుంది. పదిమంది గాని అంతకంటె ఎక్కువమంది గాని పనిచేసే ఆఫీసులో ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి. భయపడి ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం కంటె, ఈ సంగతులు తెలుసుకొని పంపడం మేలు. మాచనూరు నర్సమ్మలను వారి ఇండ్లవారు పంపకపోతే ఆ రేడియోలో మాట్లాడేవారు ఎవరు?

పిల్లలు నేర్చుకొని తీరవలసిన చట్టం కూడ కొంత ఉన్నది. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు గాని, ఆమెను గుర్తుపట్టే వివరం గాని బయట పెట్టడం నేరం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అటువంటి కేసుల్లో బిడ్డ పేరు, ఫొటో, ఇల్లు, బడి, ఇరుగుపొరుగు వివరాలు ఏవీ వెల్లడి చేయకూడదు. మన ఊళ్లలో ఊరి పేరు, తండ్రి చేసే పని చెబితే చాలు, అందరికీ తెలిసిపోతుంది. "పేరు రాయలేదు కదా" అన్న సమాధానం అక్కడ చెల్లదు.

చివరగా యువతీ యువకులకు ఒక మాట. ఇంటర్న్‌షిప్ దొరికేదాకా ఆగనక్కరలేదు. మీ కాలనీలోనే గనిలో ముప్పై ఏండ్లు పనిచేసి రిటైరైన పెద్దలున్నారు. తట్టా చెమ్మసుతో బొగ్గు ఎత్తిన రోజులు, యంత్రాలు వచ్చిన రోజులు, సమ్మెల రోజులు వారి నోటనే ఉన్నాయి. ఎవరూ రాసిపెట్టలేదు. ఈ నెలలో ఒక సాయంత్రం మీ తాతయ్య దగ్గరనో, పొరుగింటి పెద్దాయన దగ్గరనో కూర్చోండి. అనుమతి అడిగి ఫోనులో అరగంట రికార్డు చేయండి. నడుమ మాట్లాడకండి. తరువాత విని, ఒక పేజీ రాయండి. అందులోని పేర్లు, ఏండ్లు సరియైనవో కాదో ఇంకొకరిని అడిగి చూడండి. రాసినది ఆయనకే చదివి వినిపించండి.

ఆయన "అవును బిడ్డా, నేను చెప్పింది ఇదే" అంటే మీరు ఈ పనికి పనికివస్తారు. "నేనట్ల అనలే" అంటే దిద్ది, మళ్లీ చదివి వినిపించండి. ఈ పనిలో ఎంత పైకి పోయినవారికైనా రోజూ చేయవలసినది ఇదే.